పీచు ఖర్చు

"చెప్పు! ఏం పెట్టావు దానికి?"

నాన్న ఎడమచేతిలో ఇస్త్రీ మామయ్య కాలరుంది. కుడిచెయ్యి ఇంకా ఖాళీగానే ఉంది. గువ్వకి ఆ ఖాళీ చెయ్యంటేనే భయం.

"ఏమీ పెట్టలేదు బావా. ముందు చొక్కా వదులు. ఇది నాది కాదు, ఇస్త్రీకి వచ్చింది."

వీధిలో మూగినవాళ్ళు నవ్వారు. నవ్వకుండా ఉంటే బాగుండేది. నాన్న మొహం ఇంకాస్త బిగుసుకుంది.

"నిన్న ఈ వీధంతా విన్నది. ఇంకోసారి నీ గడప తొక్కితే విషం పెట్టి చంపుతానన్నావా, లేదా?"

"అన్నాను. ఎందుకనను? హోటలు వాళ్ళ తెల్లదుప్పట్ల మీద బురదకాళ్ళతో చిందులేసింది నీ కుక్క పీచు. మళ్ళీ ఉతికి, మళ్ళీ ఆరేసి, మళ్ళీ ఇస్త్రీ చేసింది నేను. ఆ మాటకొస్తే మా ఆవిడని రోజూ పొద్దున్నే చంపుతానంటాను. లోపల బతికే ఉంది, వెళ్ళి చూసుకో."

"మధ్యలో నన్ను లాగకు," అంది లోపలినుంచి ఇస్త్రీ అత్తయ్య.

మళ్ళీ నవ్వులు.

ఖాళీ చెయ్యి లేచింది.

మొదటి దెబ్బ చెవి మీద పడింది. రెండోది ఎక్కడ పడిందో గువ్వకి తెలియదు. కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి ఇస్త్రీ మామయ్య వెనక్కి తూలుతున్నాడు. పడిపోకుండా ఆసరా కోసం చెయ్యి వెనక్కి చాపాడు. అక్కడ బల్ల మీద కాలుతున్న ఇస్త్రీపెట్టె మడమ మీద నిలబెట్టి ఉంది. అరచెయ్యి దాని మొహానికి ఆనింది. పెట్టె ఒరిగి ఆ చేతిని బల్లకేసి అదిమింది.

అరుపు కంటే ముందు వాసన వచ్చింది.

ఇస్త్రీ అత్తయ్య చెంబెడు నీళ్ళతో పరుగెత్తుకొచ్చింది. మొగుడి చేతి మీద నీళ్ళు పోస్తూ, నాన్నని చూస్తూ ఒక్కటే మాట పదే పదే అంది.

"కుడిచెయ్యి. కుడిచెయ్యి రా పాపిష్టోడా. కుడిచెయ్యి."

నాన్న చేతులు దించాడు. ఒక్క క్షణం ఏదో అనబోయినట్టు నోరు తెరిచాడు. ఇంతలో వీధికి అవతల, తమ అద్దాల కొట్టు గుమ్మంలోంచి అమ్మ కేక వేసింది.

"ఏవండీ! ఇది కళ్ళు తేలేస్తోంది!"

అంతే, నాన్న వెనక్కి తిరిగి పరుగెత్తాడు.

*

పీచు గోనెసంచి మీద పక్కకి వాలి ఉంది. నోటినుంచి చొంగ తీగలా కారుతోంది. కాసేపటికోసారి దగ్గి, ఆ దగ్గుకి తనే భయపడి లేవబోయి, మళ్ళీ పడిపోతోంది.

పొట్టికాళ్ళు, పొడుగు నడుము, కొబ్బరిపీచు లాంటి బొచ్చు. ఏ జాతిదో ఎవరికీ తెలియదు. కిటికీలకి కోయగా మిగిలిన ముక్కలన్నీ ఏరి అతికించిన అద్దంలా ఉందిరా నీ కుక్క అని పెదనాన్న ఎగతాళి చేసేవాడు. గుప్పెడు కుక్కకి ఏనుగు ఖర్చు అనేవాడు. గజ్జికి మందు, పురుగులకి మందు, అది తోక తగిలించి పగలగొట్టిన గాజుపలకలు, కరిచి చింపిన పక్కింటివాళ్ళ చెప్పులు. నిన్న హోటలు దుప్పట్ల గొడవ తర్వాత అయితే నాన్న ఎదుటే అనేశాడు. "చస్తే పీడా పోతుంది."

ఆ మాట నాన్న మర్చిపోలేదు. నాన్న ఏ మాటా మర్చిపోడు.

"ఉప్పునీళ్ళు కలిపావా?" అన్నాడు నాన్న మోకాళ్ళ మీద కూర్చుంటూ.

అమ్మ చెంబు అందించింది.

గువ్వ పీచు తల పట్టుకుంది. నాన్న రెండు వేళ్ళతో దాని దవడ తెరిచాడు. మనుషుల చెంపలు పగలగొట్టే ఆ చేతులు కుక్క దగ్గరికి వచ్చేసరికి అద్దం పట్టుకున్నంత మెత్తగా అయిపోతాయి.

"తాగు బంగారం. ఒక్క గుక్క. కక్కేసెయ్, విషం పోతుంది. తాగు నాన్నా, తాగు."

గువ్వని నాన్న పిలిచే పిలుపు 'ఏయ్'.

పీచు గిలగిలా కొట్టుకుంది. నాన్న వదల్లేదు. చెంబు సగం అయ్యాక అది వంకర తిరిగిపోయి కక్కింది. కక్కుతూనే దగ్గింది. దగ్గుతూనే మళ్ళీ కక్కింది.

అప్పుడు వచ్చింది గువ్వకి ఆ వాసన.

అద్దాల కొట్టులో ఆ వాసన ఎప్పుడూ ఉండేదే. గాజు కోసే చక్రాన్ని గీతగీతకీ కిరసనాయిల్లో ముంచుతారు. గోడలకీ, బల్లకీ, పెదనాన్న చొక్కాలకీ అదే వాసన. ఆ ఇంట్లో ఎవరి ముక్కుకీ అది ఆనదు. కానీ ఇప్పుడు పీచు ఊపిరిలోంచి వస్తోంది.

గువ్వ దాని ముందుకాలికున్న కట్టు వైపు చూసింది.

పొద్దున పీచు ముందుకాల్లో గాజుపెంకు దిగింది. పెదనాన్నే చూశాడు. "ఏమే గుప్పెడూ, చెప్పులు వేసుకోకుండా కొట్టులోకి రావద్దని ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" అంటూ పట్టకారుతో పెంకు లాగాడు. తర్వాత సీసా తీసి గాయం మీద ధారగా కిరసనాయిలు పోశాడు, తన చేతులకి పోసుకున్నట్టే. ఆ కొట్టులో గాయానికి వేరే మందు లేదు. వాళ్ళ నాన్న ఈ అన్నదమ్ములకి అదే పోశాడు, ఆయనకి ఆయన నాన్న అదే పోశాడు. గుడ్డ చింపి, పలకలు కట్టే పురికొసతో ముడి వేసి, పెదనాన్న కిటికీల కొలతలకని బయటికి వెళ్ళిపోయాడు.

కాళ్ళు కదలకుండా పట్టుకున్నది గువ్వ.

కుక్క అన్నాక గాయం నాకుతుంది. ఆ సంగతి ఇద్దరికీ తోచలేదు.

"నాన్నా," అంది గువ్వ.

"ఏయ్, తల సరిగ్గా పట్టుకో."

"నాన్నా, ఇస్త్రీ మామయ్య కాదేమో..."

"ఏంటీ?"

నాన్న తలెత్తి చూశాడు. ఆ కళ్ళు చూడగానే గువ్వకి పోయిన నెల కొట్టులో జరిగింది గుర్తొచ్చింది. నాన్న దెబ్బకి నోట్లోంచి నెత్తురు ఉమ్మి, పెదనాన్న చాలా మెల్లిగా అన్నమాట గుర్తొచ్చింది. "ఇదే ఆఖరుసారి. ఇంకోసారి నీ చెయ్యి నా మీద పడితే, ఆ రోజే నా సామాను సర్దుకుంటాను. నీ బల్ల నీది, నా దారి నాది."

పెళ్ళీ పిల్లలూ లేని మనిషి. కొట్టు వెనక గదిలో ఒక మంచం, ఒక పెట్టె. గువ్వకి గువ్వ అని పేరు పెట్టినవాడు. ఆ ఇంట్లో ఆమె మాట పూర్తయ్యేదాకా ఆగి వినేవాడు ఆయనొక్కడే.

చెబితే నాన్న ఆయన్ని కొడతాడు. కొడితే ఆయన వెళ్ళిపోతాడు.

"ఏమీ లేదు," అంది గువ్వ.

*

అద్దాలు మోసే బండిలో, ఎండుగడ్డి పరిచిన చోట పీచుని పడుకోబెట్టి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళారు. నాన్న ప్రతి గుంతకీ బండిని నిమ్మళంగా దించాడు. ఖరీదైన అద్దం ఎక్కించినప్పుడు కూడా అంత నిమ్మళంగా నడపడని అమ్మ గొణిగింది.

ఆసుపత్రి బల్ల దగ్గర కూర్చున్న అతను పెన్ను తీశాడు.

"జాతి?"

"తల్లి ఒక్కతే తెలుసు. తండ్రి విషయం వీధిని అడగాలి," అన్నాడు నాన్న.

"నవ్వులాట కాదండీ. ఏమని రాయాలి?"

"కుక్క అని రాయండి," అంది అమ్మ.

అతను రాయలేదు. "ముందు కొంత కట్టాలి. గాలి గొట్టం పెట్టాలంటే ముందే కట్టించుకోమన్నారు."

"కడతాను."

"ఇప్పుడు కట్టాలండీ. మొన్న ఒకాయన ఇలాగే కుక్కని వదిలేసి వెళ్ళిపోయాడు. జాతికుక్కే. ఇది మరీ..."

మాట పూర్తికాలేదు. నాన్న బల్ల మీదుగా వంగి అతని పెన్ను లాక్కుని రెండు ముక్కలు చేశాడు. ముక్కలు అతని ముందు పక్కపక్కన పెట్టాడు. సిరా అతని వేళ్ళ మీదికి పాకింది.

"ఇది మరీ? ఇది మరీ ఏంటో చెప్పు."

"ఏవండీ," అంది అమ్మ.

"చెప్పనీ!"

లోపలినుంచి డాక్టరమ్మ తొంగిచూసింది. పొట్టిమనిషి, చేతులకి మోచేతుల దాకా తొడుగులు. "ఇక్కడ కరిచేవాళ్ళని కట్టేస్తాం," అంది నాన్నని చూస్తూ. "డబ్బు తెచ్చుకోవాలంటే వెళ్ళి తెచ్చుకో. కుక్కని లోపలికి తీసుకురా అమ్మాయీ."

నాన్నకి అలా చెప్పినవాళ్ళు ఆ మధ్యకాలంలో ఎవరూ లేరు. బయటికి నడిచాడు. సెలూను ఆయన గోడంత అద్దం చేయమని చెప్పి ఉన్నాడు. అద్దం కొట్టులో తయారుగా నిలబెట్టి ఉంది. దాని మీద కొంత ముందే అడగడానికి వెళ్ళాడు.

లోపల డాక్టరమ్మ పీచు నోటి దగ్గర ముక్కు పెట్టింది. తర్వాత కాలికున్న తడిసిన గుడ్డ చూసింది. గుడ్డ సగం నమిలేసి ఉంది.

"కిరసనాయిలు ఎవరు పోశారు?"

అమ్మ ఆ పురికొస ముడి చూసింది. గువ్వని చూసింది. గువ్వ నేల చూసింది.

"నేనేనండీ," అంది అమ్మ.

గువ్వ ఉలిక్కిపడింది.

"కక్కించారా?"

"ఉప్పునీళ్ళు పట్టించాం. విషం పోతుందని మా ఆయన..."

డాక్టరమ్మ బల్ల మీదికి వంగింది. పీచు పక్కటెముకలు వేగంగా లేస్తున్నాయి, పడుతున్నాయి. వాటి మీద చెయ్యి వేసి ఉంచింది.

"నాకిన కిరసనాయిలు కడుపులో ఉన్నంతసేపూ పెద్ద భయం లేదమ్మా. కడుపునొప్పి, విరేచనం, రెండురోజులకి లేచి తిరిగేది. కక్కించకూడదు. కక్కేటప్పుడు కొంత ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. దిగింది. ఇప్పుడు దానికి ఊపిరి ఆడనిది అందుకు."

"బతుకుతుందా?" అంది గువ్వ. ఆ గొంతు తనదేనా అన్నట్టుంది ఆమెకే.

"గాలి పెడతాను. మిగతాది దాని ఓపిక."

బయట వరండాలో బెంచీ మీద అమ్మ, గువ్వ పక్కపక్కన కూర్చున్నారు. అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. తుడిచిందే తుడిచింది.

"ఆ ముడి బావగారిదే కదూ?"

గువ్వ తల ఊపింది.

"ఆయన పేరు మీ నాన్న ముందు ఎత్తకు. నేను పోశానని చెప్తాను."

"అమ్మా, నాన్న నిన్ను..."

"నాకైతే అలవాటే," అంది అమ్మ. ఆ మాట కూరలో ఉప్పు తక్కువైంది అన్నంత మామూలుగా అంది. "ఆయన వెళ్ళిపోతే కొట్టు నిలవదు. నాలుగు గోడలూ నిలవవు. పెద్ద పలక ఇద్దరు పట్టుకుంటేనే లేస్తుంది, చూశావుగా. ఒక్కడు లేపితే మధ్యలో విరుగుతుంది."

"నువ్వు మాత్రం ఎందుకు తినాలి దెబ్బలు?"

అమ్మ కూతురి వైపు తిరిగి వింతగా చూసింది. గువ్వ అంత పొడుగు మాట అనడం ఆమె వినలేదు.

"ఇన్నాళ్ళూ మాట్లాడవే మాట్లాడవే అని మొత్తుకున్నాను. ఈ ఒక్కరోజు మాట్లాడకు తల్లీ. నీకు చేతనైన పనే."

నాన్న డబ్బు తెచ్చాడు. లెక్కపెట్టకుండా బల్ల మీద పడేశాడు. అద్దం తలుపు బయటినుంచి లోపలికి చూశాడు. పీచు మూతికి చిన్న ప్లాస్టిక్ గిన్నె లాంటిది తొడిగారు. దాని తోక కదల్లేదు.

"వాణ్ణి నేను వదలను," అన్నాడు నాన్న తలుపుకి నుదురు ఆనించి. "రెండో చెయ్యి కూడా కాలుస్తాను."

*

వీధి మలుపు తిరగ్గానే బండి చక్రాల కింద కరకరమంది.

నాన్న బండి ఆపాడు. అద్దాల కొట్టు ముందు రోడ్డంతా గాజు. సాయంత్రపు ఎండ ఆ ముక్కలన్నిటి మీదా పడి, ఎదురింటి గోడల మీద వెలుగు మరకలు వణుకుతున్నాయి. జనం దూరంగా, అరుగుల మీద నిలబడి ఉన్నారు. ఎవరూ నవ్వడం లేదు.

సెలూను అద్దం చట్రం ఒక్కటే నిలబడి ఉంది. లోపల ఏమీ లేదు.

పెదనాన్న గాజు కోసే బల్లకి ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. కనుబొమ్మ మీదినుంచి నెత్తురు గడ్డం దాకా దిగి ఆరిపోయింది. రెండు అరచేతులూ తెగి ఉన్నాయి.

"బావగారూ!" అంది అమ్మ.

"ఏం కాలేదమ్మాయ్. కంటికి పైన తగిలింది. కన్ను బాగానే ఉంది." గువ్వని చూసి నవ్వబోయాడు. "చెప్పులు వేసుకునే రా గువ్వా. ఇవాళ మరీ ఎక్కువ ఊడ్చుకోవాలి."

"ఎవరు?" అన్నాడు నాన్న.

"ఎవరైతే ఏం. కాలిన చేతికి పగిలిన అద్దం. చెల్లు."

"ఎవరు అన్నయ్యా?"

"ఇస్త్రీవాడి బావమరదులు ఇద్దరూ. షట్టర్ లాగే కడ్డీతో వచ్చారు. పెద్ద అద్దాన్ని వదిలేయండిరా, అది మాది కాదన్నాను. అడ్డం నిలబడ్డాను. వినలేదు." తెగిన చేతులు చూసుకున్నాడు. "పడేటప్పుడు పట్టుకోబోయాను. బుద్ధి లేదు. పడే అద్దాన్ని పట్టుకోకూడదని మీకు చెప్పేది నేనే."

నాన్న కొట్టంతా కలయజూశాడు. వంగి నేల మీదినుంచి ఒక పొడుగాటి ముక్క తీశాడు, మూరెడు, కొస సూదిలా ఉంది. బల్ల మీది గుడ్డ తీసి దాని మొదలుకి చుట్టాడు. తొందర పడకుండా, పనిలో ఉన్నట్టు చుట్టాడు.

"ఏం చేస్తున్నావురా?" అన్నాడు పెదనాన్న.

"ఇస్త్రీ దుకాణంలోనే ఉన్నారుగా ఇద్దరూ?"

"ఉన్నారు. వాళ్ళ బావని ఆసుపత్రికి పంపి వాళ్ళు అక్కడే కూర్చున్నారు, నీ కోసమే. వెళ్ళకు."

"నా కుక్కకి విషం పెట్టి, నా అద్దం పగలగొట్టి, నా అన్న నెత్తురు కళ్ళజూసి, నేను వెళ్ళకూడదా?"

"ఏవండీ, ఆగండి. ఒక మాట చెప్పాలి," అమ్మ ముందుకొచ్చింది. "విషం కాదు. పొద్దున దాని కాలికి నేను..."

"పెదనాన్న," అంది గువ్వ.

అందరూ ఆగిపోయారు.

ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది. రెండు చేతులతో రెండు వైపులా చట్రం పట్టుకుంది. వేళ్ళు తెల్లబడ్డాయి.

"అమ్మ కాదు. పెదనాన్న పోశాడు కిరసనాయిలు. కాలికి గాజు గుచ్చుకుంటే పోశాడు. నేను పట్టుకున్నాను. అది నాకింది. ఇస్త్రీ మామయ్య ఏం చేయలేదు."

"గువ్వా!" అంది అమ్మ.

పెదనాన్న మొహంలో నెత్తురు లేని భాగమంతా పాలిపోయింది. అప్పటిదాకా ఆయనకి తెలియదు. "నాకిందా?" అన్నాడు. "దాని వల్లా?"

నాన్న మెల్లిగా అన్న వైపు తిరిగాడు.

"చస్తే పీడా పోతుందన్నావు నిన్న."

"అన్నాను. ఒరేయ్, అన్నాను కానీ..."

"ఖర్చు, ఖర్చు అని రోజూ నా ప్రాణం తీశావు."

"గాయానికి పోశాన్రా. నీకూ నాకూ నాన్న పోసినట్టే పోశాను. దానికీ అంతే అనుకున్నాను."

"ఏడాది నుంచీ చూస్తున్నాను. అది నీ పక్కకి వస్తే కాలితో నెట్టేవాడివి."

"గాజులోకి రాకుండా నెట్టేవాణ్ణి!"

నాన్న ముందుకి అడుగేశాడు. గాజుముక్క ఉన్న చెయ్యి లేచింది. పెదనాన్న లేవలేదు. తెగిన చేతులు అడ్డం పెట్టుకోలేదు కూడా. కూర్చున్నచోటే తల ఎత్తి, తమ్ముడి కళ్ళలోకి చూశాడు.

"కొట్టు. కానీ నెల క్రితం ఏం చెప్పానో గుర్తు తెచ్చుకుని కొట్టు."

"నాన్నా, ఇంకోటి ఉంది," అంది గువ్వ.

"ఏయ్, నోర్ముయ్!"

"మూయను."

ఆ మాట అన్నది గువ్వ అని నమ్మడానికి నాన్నకి కొంతసేపు పట్టింది.

"డాక్టరమ్మ చెప్పింది. నువ్వు డబ్బుకి వెళ్ళినప్పుడు చెప్పింది. కిరసనాయిలు కడుపులో ఉంటే అది రెండురోజుల్లో లేచి తిరిగేదట. కక్కించినందువల్ల ఊపిరితిత్తుల్లోకి పోయిందట. ఊపిరి ఆడనిది దానివల్లట." గువ్వ ఒక్క గుక్క గాలి పీల్చుకుంది. "ఉప్పునీళ్ళు పట్టించింది నువ్వు నాన్నా. తల పట్టుకున్నది నేను. కిరసనాయిలు పోసినప్పుడూ పట్టుకున్నాను, కక్కించినప్పుడూ పట్టుకున్నాను. కొట్టాలంటే నన్నూ కొట్టు. నిన్ను ఎవరు కొడతారు?"

బల్ల కింద ఎక్కడో ఒక గాజుముక్క దానంతటదే జారి చిన్నగా ఖంగుమంది.

నాన్న అమ్మ వైపు చూశాడు. అమ్మ మొహం తిప్పుకుంది. ఆమె కాదనలేదు.

గాజుముక్కకి చుట్టిన గుడ్డ ఎర్రబడుతోంది. ఎంత గట్టిగా పట్టుకున్నాడో, గుడ్డ తెగి అరచేతిలోకి దిగింది. ఆయన అది చూడలేదు. నెత్తురు మోచేతి దాకా పాకి, బొట్లుబొట్లుగా నేల మీద పడుతోంది.

"నా చేత్తోనే," అన్నాడు నాన్న.

"తమ్ముడూ, కింద పెట్టు దాన్ని," అన్నాడు పెదనాన్న. లేవబోయాడు. "చెయ్యి తెగింది. ఇలా రా, చూడనీ."

నాన్న ముక్కని బల్ల మీద పెట్టాడు, పగలకుండా. గుమ్మం దగ్గరికి వచ్చాడు. గువ్వ చట్రం వదల్లేదు. తండ్రి చెయ్యి తన వైపు రావడం చూసి కళ్ళు మూసుకోలేదు. ఆ చెయ్యి ఆమె భుజం మీద పడింది. నెత్తురుతో తడిగా ఉంది. ఆమెని మెల్లిగా పక్కకి జరిపింది.

"ఎక్కడికండీ?" అంది అమ్మ.

నాన్న గాజు మీద కరకరమని నడుచుకుంటూ వీధి దాటాడు. చేతిలో ఏమీ లేదు. అరుగుల మీది జనం ఒక అడుగు వెనక్కి వేశారు.

ఇస్త్రీ దుకాణం లోపల ఇద్దరూ లేచి నిలబడ్డారు. పొడుగువాడి చేతిలో కడ్డీ ఉంది.

"మళ్ళీ వచ్చాడ్రా," అన్నాడు పొట్టివాడు. "సిగ్గు లేదు."

"మీ బావ ఏ తప్పూ చేయలేదు," అన్నాడు నాన్న. వీధి వీధంతా వినేంత గట్టిగా అన్నాడు. "నా కుక్కకి పోసింది నేనే. ఉత్తపుణ్యానికి ఆయన చెయ్యి కాల్చాను. అది చెబుదామని వచ్చాను."

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు.

"చెప్పేసి వెళ్ళిపోదామనా?" అన్నాడు పొడుగువాడు.

"లేదు," అన్నాడు నాన్న. గడప దాటి లోపలికి నడిచాడు.

పొట్టివాడు వీధిలోకి తొంగిచూశాడు. చెయ్యి పైకెత్తి షట్టర్ అంచు పట్టుకుని కిందికి లాగాడు. ఇనుపరేకు చప్పుడు చేసుకుంటూ దిగింది. లోపల గడియ పడింది.

వెనకనుంచి ఎవరో గువ్వని దాటుకుని పరుగెత్తారు. పెదనాన్న. కాళ్ళకి చెప్పుల్లేవు. తన పక్కనే ఎన్నేళ్ళుగానో ఎవర్నీ ఒట్టికాళ్ళతో నడవనివ్వని మనిషి, ఆ గాజు మీద ఒట్టికాళ్ళతో పరుగెత్తాడు.

"తెరవండి!" తెగిన అరచేతులతో షట్టర్ మీద బాదాడు. కొట్టిన ప్రతిచోటా ఎర్రటి చేతిముద్ర పడింది. "ఒరేయ్, తెరవండిరా! వాడు అబద్ధం చెబుతున్నాడు! పోసింది వాడు కాదు, నేను! నన్ను రానివ్వండి!"

లోపల బల్ల పడిన చప్పుడైంది. ఆ వెంటే ఇనుము దేనికో తగిలిన చప్పుడు.

గువ్వ కూడా వీధి దాటి వచ్చి చెవి రేకుకి ఆనించింది. నాన్న అరుస్తాడేమోనని వింది. నాన్న అరవలేదు.